గడియారమ్మ పగటినిద్ర

ఆసుపత్రి రెండో అంతస్తులో, లిఫ్టు దిగగానే ఎడమ చేతివైపు, మంచం పట్టినవాళ్ళ వార్డు. ఇరవై నాలుగు మంచాలు. ఆ వార్డులో రాత్రి డ్యూటీ చేసే ఆయాని అందరూ గడియారమ్మ అనేవారు. ఆవిడ అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప మరెక్కడా వాడుకలో లేదు. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే, బరువు ఆనినచోట ఒళ్ళు కమిలిపోయి పుండు పడుతుంది. పడకపుండంటే ఆషామాషీ కాదు, పట్టించుకోకపోతే ఎముక దాకా పోతుంది. అసలు జబ్బుకి చావని మనిషి దీనికి చస్తాడు. గడియారమ్మ డ్యూటీ చేసిన పదకొండేళ్ళలో ఆవిడ మంచాల మీద పుండు పడ్డ మనిషి ఒక్కరు లేరు. ఒక్కరంటే ఒక్కరు!

"ఎడమకి తిప్పుతున్నా, భయపడకు" అని ముందు చెప్పేది. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి పెట్టి, అవతలి మనిషి ఎంత బరువున్నా చప్పుడు కాకుండా తిప్పేసేది. మోకాళ్ళ మధ్య దిండు పెట్టి, మంచానికి వేలాడే కాగితం మీద టిక్కు పెట్టి పక్క మంచానికి వెళ్ళిపోయేది. ఓసారి తెల్లవారుజామున కళ్ళు మూసుకుని, నిద్రలోనే ఆరుగురిని తిప్పేసిందని, లేచాక తనకే గుర్తు లేదని వార్డులో చెప్పుకుని నవ్వుకునేవారు. అది కట్టుకథ కాదు. పెద్ద నర్సు కళ్ళారా చూసింది. చివరికి ఆవిడ కొంప ముంచింది కూడా ఆ సంగతే.

మొగుడు బేకరీలో పొయ్యి మేస్త్రీ. అతనిదీ రాత్రి పనే. ఊరంతా పడుకునే వేళకి వీళ్ళిద్దరూ పనికెళ్ళేవారు, ఊరంతా పనికెళ్ళే వేళకి ఇల్లు చేరి పడక వేసేవారు. వాళ్ళ సంసారమంతా పగటిపూట సంసారం. పిల్లలు లేరు. దాని గురించి ఇరుగుపొరుగు పడిన బెంగలో సగం కూడా వాళ్ళు పడలేదు.

మేస్త్రీ ఓ అరగంట ముందు ఇల్లు చేరేవాడు. ఆవిడ మెట్లెక్కే సరికి ఉల్లిపాయలు వెన్నలో సన్నని మంట మీద వేగుతూ ఉండేవి. నాలుగు గుడ్లు కొట్టి పోసేవాడు. పొయ్యిలోంచి తీసి గంట కాని రొట్టె గుడ్డలో చుట్టి ఉండేది. ఇద్దరికీ ఒకటే కంచం. ఆవిడ చేతులు ఎన్నిసార్లు కడిగినా ఫినాయిలు వాసన పోయేది కాదు. "ఆ చేత్తో తింటే రొట్టె కూడా ఆసుపత్రిలో చేరుతుందే" అని తనే ముద్ద చేసి నోట్లో పెట్టేవాడు. పదకొండేళ్ళు అలా పెట్టాడు. పొయ్యి మాత్రం ఆవిణ్ణి ముట్టనిచ్చేవాడు కాదు. "నువ్వు వండితే తినేవాళ్ళు నీ వార్డుకే వస్తారు" అనేవాడు. తిన్నాక కిటికీకి దళసరి నీలం గుడ్డ దించి పడుకునేవారు. కింద వీధిలో బస్సులు, కూరగాయల కేకలు, బడి పిల్లల గోల. ఆ గోలంతటి మధ్యా వాళ్ళకి హాయిగా నిద్ర పట్టేది.

ఓ రాత్రి బేకరీ గోదాములో పిండి బస్తాల వరస కూలింది. కింద మేస్త్రీ ఉన్నాడు. ప్రాణం దక్కింది గానీ నడుం కింద ఒళ్ళు చచ్చుబడిపోయింది. వేరే ఆసుపత్రిలో మూడు నెలలు ఉంచి, ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. చేతులు బాగానే ఉన్నాయి. మాటా బాగానే ఉంది. నడుం కిందికి గుండుసూది గుచ్చినా తెలియదు.

గడియారమ్మ ఏడవలేదు. ఏడవడానికి తీరిక ఉంటేగా! ఆసుపత్రి పారేసిన ఇనప మంచం, పక్కల కటకటాలున్నది, మనుషుల్ని పెట్టి మోయించుకొచ్చి ముందుగదిలో వేయించింది. గాలి పరుపు సంపాదించింది. చేతులకి తొడుగులు, మూతికి గుడ్డ, బల్ల మీద వరసగా సీసాలు. ఇల్లు తుడిచి తుడిచి ఫినాయిలు కంపు కొట్టించింది. రాత్రిళ్ళు తను డ్యూటీకి వెళితే మేస్త్రీ అక్క వచ్చి కాపలా ఉండేది. పగలు తనే. రెండు గంటలకోసారి లేవడం, తిప్పడం, లోపలి గదిలోకి పోయి పడుకోవడం. "కుడికి తిప్పుతున్నా, భయపడకు."

ఓ రోజు మేస్త్రీ అన్నాడు: "భయపడటానికి నేనేమైనా ఏడో నంబరు మంచమా? నీ మొగుణ్ణే."

ఆవిడకి అది ఎక్కలేదు. నవ్వి, మంచానికి వేలాడదీసిన కాగితం మీద టిక్కు పెట్టింది.

ఆ తర్వాత అతను తినడం మానేశాడు. మొండికెయ్యలేదు, అరవలేదు. ఊరికే "ఆకలి లేదే" అనేవాడు, అంతే. రెండు చెంచాలకే తల తిప్పేసేవాడు. పిండి పిసికి పిసికి దుంగల్లా తేలిన ముంజేతులు నెలన్నరలో చిక్కిపోయాయి. తిండి మానేసిన రోగి ఎన్నాళ్ళుంటాడో గడియారమ్మకి డాక్టరు చెప్పక్కర్లేదు. పాలలో రొట్టె నానబెట్టింది. బుగ్గ పక్కన చెంచా ఆనించి నోరు తెరిపించే కిటుకు వాడింది. బతిమాలింది. తిట్టింది. "నువ్వు పోతే నేనెవరి కోసం ఇంటికి రావాలయ్యా?" అని చెంచా విసిరికొట్టింది కూడా.

విసిరికొట్టిన చేతిని అతను పట్టుకున్నాడు. ఆ తొడుగుని వేలు వేలుగా ఊడలాగాడు. ఉత్త చెయ్యి తన ముఖానికి ఆనించుకుని, "ఇప్పుడు పెట్టు" అన్నాడు.

చెంచా లేకుండా, వేళ్ళతో పెట్టింది. తిన్నాడు. ఇన్ని నెలల ఏడుపు అప్పుడొచ్చింది ఆవిడకి. వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ సాయంత్రమే ఆడపడుచు సాయం తీసుకుని అతన్ని లోపలి గదిలోని పాత పెద్ద మంచం మీదికి మార్చింది. అతనివైపు గాలి పరుపు, తనవైపు దూది పరుపు. "చూడు, గాలి పరుపున్నా సరే, రెండు గంటలంటే రెండు గంటలే. గడియారం నీ పక్కన పెడుతున్నా. మోగగానే నన్ను లేపాలి. మొహమాటపడ్డావంటే ఊరుకోను."

"నీ దగ్గర మొహమాటమేంటే" అన్నాడు.

అక్కణ్ణుంచి రోజులు మారాయి. మంచం పక్కనే స్టూలు మీద పొయ్యి పెట్టింది. అతను చెప్పడం, ఆవిడ వండటం. "మంట తగ్గించు. ఇంకా తగ్గించు. ఉల్లిపాయతో నీకేం పగే, దాన్నలా నరుకుతావు?" మొదటి వారం గుడ్లు మాడాయి, రెండో వారం ఉప్పు కషాయమైంది. మాడినా తిన్నాడు, లొట్టలేసుకుంటూ, తిడుతూ. మొదటి ముద్ద మాత్రం మునుపటిలాగే తనే కలిపి ఆవిడ నోట్లో పెట్టేవాడు. తిన్నాక ఆవిడ అతని పక్కన వాలితే జడ విప్పి, చిక్కులు తీసి, దువ్వి, మాడు మీద వేళ్ళతో నొక్కేవాడు. అతని భుజం గుంటలో తల పెట్టుకుని, ఒక కాలు అతని మీద వేసుకుని పడుకునేది. ఆ కాలి బరువు అతనికి తెలియదు. "వేశావా?" అని అడిగేవాడు. "వేశా" అనేది. నడుం కింద ఒళ్ళు తనది కాకపోయినా, మెడ తనదే, పెదాలు తనవే, చేతులు తనవే. అంత జరిగాక ఇంకా ఈ సరసాలేమిటని బుగ్గలు నొక్కుకునేవాళ్ళు ఉంటారు. నొక్కుకోనివ్వండి. వాళ్ళకి ఏం తెలుసని!

మేస్త్రీ ఒళ్ళు చేశాడు. గడియారమ్మ కళ్ళ కింద నలుపు పోయింది. "ఏమిటి సంగతి, కొత్త పెళ్ళికూతురిలా ఉన్నావు?" అని వార్డులో ఆటపట్టించారు. బస్తాలు కూలిన దగ్గర్నుంచి ముక్కలు ముక్కలుగా మూడు నాలుగు గంటలకి మించి నిద్ర ఎరగని మనిషి, ఇప్పుడు తొమ్మిదింటికి పడుకుంటే నాలుగింటికి తేలిగ్గా, తేటగా లేచేది. ఓ రోజు అనుమానం వచ్చి అడిగింది కూడా. "పదకొండుకి తిప్పానా? ఒంటిగంటకి? నాకేం గుర్తులేదేంటయ్యా!"

"తిప్పావు. కళ్ళు మూసుకునే తిప్పావు. ఎడమకి తిప్పుతున్నా భయపడకు అని కూడా అన్నావు" అన్నాడు మేస్త్రీ, ఆవిడ గొంతు అనుకరిస్తూ.

ఆవిడ పడీ పడీ నవ్వింది. వార్డు కథ ఆవిడకి తెలుసు కదా, ఇంట్లోనూ అదే చేస్తున్నాననుకుంది. ఇంకో ఆడమనిషి అయితే నమ్మి ఉండేది కాదు. ఈవిడ నమ్మింది, పైగా కాస్త గర్వపడింది కూడా.

మూడు వారాల తర్వాత, ఓ సాయంత్రం ఒళ్ళు తుడుస్తూ వీపు కింద, వెన్నెముక ఆగిపోయేచోట, అరచేయంత మచ్చ చూసింది. వంకాయ రంగు. వేలితో నొక్కింది. వేలు తీశాక తెల్లబడలేదు. లోపల కండ చచ్చిందని దాని అర్థం. గడియారమ్మ చేతిలో తడిగుడ్డ నీళ్ళు కారిపోతున్నా అలాగే నిలబడిపోయింది.

పగలు తను తిప్పుతోంది. గాలి పరుపు బాగానే ఉంది. మరి ఎవరు? ఇంకెవరు, రాత్రిళ్ళు ఉండే ఆడపడుచు! ఆవిడ గుమ్మంలో అడుగు పెట్టగానే కడిగేసింది. "రాత్రంతా గుర్రుపెట్టి నిద్రపోతున్నావా వదినా? చేతకాకపోతే చేతకాదని చెప్పాల్సింది!"

ఆడపడుచు సంచీ కింద పెట్టకుండానే నిలబడింది. అరవై ఏళ్ళ మనిషి. "వీణ్ణి ఎత్తుకుని పెంచినదాన్నమ్మా నేను. నా తమ్ముణ్ణి నేను చంపుకుంటానా?" అంది. మంచం మీంచి మేస్త్రీ, "అక్కని ఏమీ అనకే, అక్క తిప్పుతోంది" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆడపడుచు ఆ రాత్రీ ఉంది, ఆ తర్వాతా వచ్చింది. వచ్చేది, చేసేది, పోయేది. మరదలి ముఖం మాత్రం చూసేది కాదు.

గడియారమ్మ గోడకి కాగితం అంటించింది. పెన్సిలుకి దారం కట్టి అతని చేతికి అందేలా వేలాడదీసింది. తిప్పినప్పుడల్లా అతనే టిక్కు పెట్టాలి. సాయంత్రం లేచి చూస్తే తొమ్మిది, పదకొండు, ఒంటిగంట, మూడు, అన్నిటికీ టిక్కులు. అయినా మచ్చ చిట్లింది. నాలుగోనాటికి గుంట పడింది. వారానికి ఆ గుంటలో బొటనవేలు పట్టేంత అయింది.

అప్పుడైనా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆవిడ తీసుకెళ్ళలేదు. ఎందుకంటారా? తీసుకెళితే తన వార్డుకే తీసుకెళ్ళాలి, ఊళ్ళో పడకపుండ్లు చూసే వార్డు అదొక్కటే. పదకొండేళ్ళు ఒక్క పుండు పడనివ్వని గడియారమ్మ మొగుడికి పడకపుండా అని ఇరవై నాలుగు మంచాలూ, నలుగురు నర్సులూ, మెట్లు తుడిచే మనిషితో సహా అనుకుంటారు. ఆ తల కొట్టేసినట్టుండే సిగ్గుకి భయపడింది. మందు, దూది, పట్టీలు కొనుక్కొచ్చి తనే కడిగి కట్టు కట్టింది. పన్నెండు రోజులు! తెలియనివాళ్ళు చేస్తే పాపం తెలియదనుకోవచ్చు. ఆవిడకి అన్నీ తెలుసు. ఆవిణ్ణి వెనకేసుకురావడానికి నేనేమీ ఆవిడ చుట్టాన్ని కాను. ఆ పన్నెండు రోజులూ ఆవిడ తప్పే.

పదమూడోనాడు ఆవిడకి పన్ను నొప్పి. దవడంతా పోటు. చెబితే అతను కంగారు పడతాడని, తిన్నట్టు నటించి, భుజం మీద తల పెట్టి కళ్ళు మూసుకుంది. నిద్ర రాలేదు. అతను జడ విప్పి దువ్వాడు. పాట లాంటిదేదో ముక్కుతో తీశాడు. ఆవిడ పడుకుందనుకుని ఆగాడు. కింద బస్సులు పోతున్నాయి.

పదకొండు అయింది. గడియారం ఒక్కసారి కిర్రుమనబోయింది, అంతలోనే అతని చెయ్యి దాని నోరు నొక్కేసింది. గోడ మీద పెన్సిలు గీసిన చప్పుడైంది. ఆ చెయ్యి మళ్ళీ వచ్చి ఆవిడ తల మీద మెత్తగా వాలింది.

గడియారమ్మకి అంతా అర్థమైంది. లేవాలి. అప్పటికప్పుడు లేచి తిప్పాలి. ఆవిడ లేవలేదు. ఎంతసేపో తనకే తెలియదు, ఆ చేతి కింద అలాగే పడి ఉంది. తర్వాత ఒక్క ఉదుటున లేచి, చెప్పకుండా, భయపడకు అనకుండా అతన్ని పక్కకి దొర్లించేసింది.

"ఎన్నాళ్ళనుంచి?" అంది.

అతను గోడవైపు తిరిగి ఉన్నాడు. "మొదట్నుంచీ."

"పుండు పడ్డాక కూడానా?"

"అప్పుడు ఒకటి రెండుసార్లు లేపుదామనుకున్నా. నీ ముఖం చూస్తే చెయ్యి రాలేదే."

"నీకు నొప్పి తెలియదయ్యా! నాకు తెలుసు కదా, నాకు తెలుసు కదా అది ఏం చేస్తుందో!" అతని వీపు మీద రెండు చేతులతో కొట్టింది. కొట్టడం అయ్యాక అన్నాడు:

"నాకేమో నొప్పి లేదు. నీకేమో నిద్ర లేదు. పదకొండేళ్ళు నీకు వండి పెట్టినవాణ్ణి, ఇప్పుడు నీ చేత ఒళ్ళు కడిగించుకుంటున్నా. నీకు పెట్టడానికి నా దగ్గర ఇంకేముందే? అదొక్కటే ఉంది. పెట్టాను."

"చచ్చిపోతావయ్యా."

"ఆ ఇనప మంచం మీద అప్పుడే పోవాల్సినవాణ్ణి. నువ్వు పక్కన పడుకోబట్టే కదా ఇన్నాళ్ళు తిన్నాను."

ఆ మధ్యాహ్నమే అతనికి చలిజ్వరం వచ్చింది. మూడింటికల్లా మాట తడబడింది. నాలుగింటికి అంబులెన్సులో, రెండో అంతస్తుకి, లిఫ్టు దిగగానే ఎడమ చేతివైపుకి తీసుకెళ్ళారు.

పెద్ద నర్సు కట్టు విప్పి చూసింది. వాసనకి పక్క మంచం రోగి తల తిప్పుకున్నాడు. తర్వాత కాగితం తీసి, రూలు ప్రకారం అడగాల్సింది అడిగింది. "ఇంటి దగ్గర ఎన్ని గంటలకోసారి తిప్పారు?"

మంచం కాళ్ళవైపు ఆడపడుచు నిలబడి ఉంది. తన పేరూ పరువూ అన్నీ ఈ ఒక్క జవాబు మీద ఉన్నాయని గడియారమ్మకి తెలుసు. గోడ మీది కాగితం చింపి సంచీలో పెట్టుకుని వచ్చింది కూడా. దాని మీద టిక్కులన్నీ మొగుడి దొంగ గీతలేనని చూపిస్తే తన తప్పు లేదని తేలిపోతుంది. సంచీ తెరవలేదు.

"పగలు తిప్పలేదమ్మా. నేను నిద్రపోయాను" అంది. తర్వాత ఆడపడుచువైపు తిరిగి, "రాత్రిళ్ళు మా వదిన సరిగ్గానే తిప్పింది. నేనే అనరాని మాటలన్నాను. అది కూడా రాసుకోండి" అంది.

మంచం మీంచి మేస్త్రీ తల ఎత్తడానికి చూశాడు. "అబద్ధం సిస్టరమ్మా. నేనే లేపలేదు. గడియారం నేనే నొక్కేశా. దాని తప్పేం లేదు."

"జ్వరంలో ఏదో వాగుతున్నాడమ్మా" అంది ఆవిడ.

"వాగట్లేదు! ఏమే, నీ మొహం, నిజం చెప్పవే!"

"నువ్వు నోరు మూసుకుని పడుకో."

రెండువైపుల మంచాలవాళ్ళు వింటున్నారు. మొగుడూ పెళ్ళాల పోట్లాట ఎవరికి తెలియదు గనక! కానీ నాదంటే నాదని తప్పు కోసం కొట్టుకున్న పోట్లాట ఆ వార్డు ఎప్పుడూ చూడలేదు. పెద్ద నర్సు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఆవిడ చెప్పిందే రాసింది. జ్వరంలో ఉన్న రోగి మాట రాయడానికి రూలు ఒప్పుకోదు.

చచ్చిన కండ కోసేశారు. లోపల ఎముక మెత్తబడి ఉంది. తొమ్మిది రోజులు మందులు ఎక్కించారు. గడియారమ్మకి అతని మంచం ఇవ్వలేదు. ఇంట్లో సొంత మొగుణ్ణి చూసుకోని మనిషికి ఇక్కడెలా ఇస్తామని పైవాళ్ళు అన్నారట. వేరే ఆయా తిప్పేది. ఈవిడ స్టూలు మీద కూర్చుని చూసేది. ఆ ఆయా దిండు సరిగ్గా పెట్టకపోయినా ఏమీ అనలేని స్థితి. తెలివి ఉన్నప్పుడు అతను ఆవిడ చెయ్యి పట్టుకునేవాడు. ఎనిమిదో రోజున రొట్టె తుంపి పాలలో ముంచి ఆవిడ నోటికి అందించబోయాడు. చెయ్యి సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఆవిడే వంగి తింది. మర్నాడు మధ్యాహ్నం, ఎడమవైపు తిప్పి ఉండగా, పోయాడు.

ఆడపడుచు కొన్నాళ్ళు ఆ ఇంట్లోనే ఉంది. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకునేవారు కాదు గానీ ఒకటే కంచంలో తినేవారు.

గడియారమ్మకి మెమో ఇచ్చారు. రోగుల్ని తిప్పే పని తీసేసి బట్టల గదిలో వేశారు. దుప్పట్లు లెక్కపెట్టి మడత పెట్టే పని, పగటి డ్యూటీ. ఆ పేరు పెట్టి పిలవడానికి అందరికీ నోరు రాకుండా పోయింది. "ఇదిగో, నిన్నే" అనేవారు. కొత్తగా చేరినవాళ్ళు ఆవిడ వెళ్ళాక గుసగుసలాడుకునేవారు. ఆవిడకి వినబడేది. వినబడనట్టు దుప్పటి దులిపేది.

రెండు నెలలయ్యాక ఓ రోజు పెద్ద నర్సు రెండు గ్లాసులు టీ పట్టుకుని బట్టల గదికి వచ్చింది. తలుపు దగ్గరగా వేసింది.

"చూడు, నేను ముప్ఫై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. నిన్ను పదకొండేళ్ళుగా చూస్తున్నాను. ఆ రోజు నీ మొగుడు చెప్పిందే నిజమని నాకు తెలుసు. నువ్వు ఊఁ అను చాలు. పైవాళ్ళతో నేను మాట్లాడతా. నీ పని నీకొస్తుంది, నీ పేరు నీకొస్తుంది. పోయినాయనకి ఇప్పుడు ఎవరేమనుకుంటే ఏముంది?"

గడియారమ్మ చేతిలో దుప్పటి మడత పూర్తి చేసింది. దొంతర మీద పెట్టింది. టీ గ్లాసు అందుకుంది గానీ తాగలేదు.

"వద్దమ్మా, అది అలాగే ఉండనివ్వండి. నిద్రపోయింది నేనే" అంది. "అంత మంచి నిద్ర నా జన్మలో ఎప్పుడూ పట్టలేదు."